తొలి పాఠకుని సందేహం: చారిత్రక కల్పనా కథనానికి ముందస్తు పరామర్శ – ఆకువీడు నుంచి నేటి పశ్చిమ ప్రకాశం వరకు

విషయ ప్రవేశం

గ్రంథం లోకంలోకి రావడానికి ముందే దానిని చదివి, లేదా విని, అభిప్రాయం చెప్పే పాఠకుడు ఒకడుంటాడు. అతనిని ఈ వ్యాసంలో ‘తొలి పాఠకుడు’ అని వ్యవహరించడం జరుగుతుంది. ముద్రణానంతర విమర్శపై తెలుగులో విస్తృతమైన చర్చ ఉంది. ముద్రణకు పూర్వం, కొన్ని సందర్భాలలో రచనకే పూర్వం, జరిగే పరామర్శను మాత్రం సాహిత్య చరిత్ర సాధారణంగా అవతారికల వర్ణనలోనో, ముందుమాటల ప్రస్తావనలోనో కలిపివేసి ముందుకు సాగుతుంది. చరిత్రను, అద్భుత కల్పనను మేళవించే కథనాలకు ఈ పరామర్శ మరింత అవసరం. అటువంటి రచనకు పాఠకుల సంఖ్య స్వల్పం. పైగా దానిని తూచడానికి రెండు తూనికరాళ్లు కావాలి: చరిత్ర జ్ఞానం ఒకటి, కల్పనను కల్పనగా ఆస్వాదించగల రసజ్ఞత మరొకటి. ఈ రెండూ ఒకే వ్యక్తిలో ఉండడం అరుదు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో అంతర్భాగాలు. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. పడమట నల్లమల, దానికి ఆవల నంద్యాల, ఉత్తరాన శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకం, నడుమ గుండ్లకమ్మ నది – ఇదీ ఈ ప్రాంతపు స్వరూపం. తెలుగు కల్పనా కథన చరిత్రలోని రెండు ముఖ్య ఘట్టాలకు ఈ నేలతో సంబంధం ఉంది. మొదటిది పింగళి సూరన కావ్యరచన. రెండవది తొలి తెలుగు నవలగా పలువురు పరిగణించే ‘శ్రీరంగరాజ చరిత్రము’. ఈ రెండింటి ఆధారంగా తొలి పాఠకుని పాత్ర ఎలా మారుతూ వచ్చిందో పరిశీలించడం, ఆ మార్పులో ఏది జారిపోయిందో గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

భావకుడు: శాస్త్రం చెప్పిన నాలుగు రకాలు

తొలి పాఠకుని గూర్చిన ఆలోచన భారతీయ అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో కారయిత్రి, భావయిత్రి అని ప్రతిభను రెండుగా విభజించాడు. మొదటిది కవికి, రెండవది భావకునికి ఉపకరించేది. భావకులలో నాలుగు రకాలను ఆయన పేర్కొన్నాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నిటినీ ఆరగించేవాడు సతృణాభ్యవహారి. ఈర్ష్యతో గుణాన్ని కప్పిపుచ్చేవాడు మత్సరి. రచన లోతును పట్టుకోవాలని పట్టుదలతో చదివేవాడు తత్త్వాభినివేశి. ఈ చివరివాడు బహు అరుదు.

ఈ విభజన నేటికీ పనికివస్తుంది. రాతప్రతిని మిత్రులకిచ్చిన రచయితకు ఎక్కువగా లభించేది సతృణాభ్యవహారి అభిప్రాయమే. ‘చాలా బాగుంది’ అన్న మాట రచయితకు సంతోషం కలిగిస్తుందే గాని, రాతప్రతిలో ఒక్క వాక్యాన్నైనా మార్చే ఆధారాన్ని ఇవ్వదు. ప్రక్రియ పట్ల వైముఖ్యం ఉన్న పాఠకుడు అరోచకి అవుతాడు. చరిత్ర మాత్రమే కావలసినవానికి అద్భుతం అబద్ధంగా తోస్తుంది. అద్భుతం మాత్రమే కావలసినవానికి శాసనాధారం బరువుగా తోస్తుంది. కనుక మిశ్రకథనం రాసేవారికి తత్త్వాభినివేశిని వెదకడం రచనలో భాగమే అవుతుంది.

ఆకువీటి సభ: రచనకు ముందే సందేహం

పదహారవ శతాబ్దికి చెందిన పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ను ఆకువీటి ప్రభువైన పెదవేంకటాద్రి కోరికపై రచించి విరూపాక్షునికి అంకితమిచ్చాడు. రాచర్ల మండలంలో, గిద్దలూరుకు చేరువగా, ఆకవీడు గ్రామం నేటికీ ఉంది. పేరులోని సామ్యాన్ని, సూరన తరువాత ఆశ్రయించిన నంద్యాలకు ఉన్న సామీప్యాన్ని బట్టి ఆ ఆకువీడు ఇదేనని భావించడం సమంజసం.

ఆ కావ్యావతారికలో గమనింపదగిన అంశం ఒకటుంది. ఒకే పద్యం రామాయణార్థాన్ని, భారతార్థాన్ని ఇచ్చే ద్వ్యర్థికావ్యం తెలుగులో సాధ్యమా అన్న సందేహం అక్కడ వ్యక్తమవుతుంది. వేములవాడ భీమకవి పూర్వం అటువంటి కావ్యం చెప్పాడని పెద్దలు అనడమే తప్ప దానిని చూసినవారెవరూ లేరన్న మాట కూడా అక్కడే నమోదైంది. అంటే, తొలి పాఠకుడు రచనను ప్రశంసించడానికి ముందు రెండు పనులు చేశాడు: పూర్వరచన ఉందా అని విచారించాడు, ప్రయత్నంలోని ప్రమాదాన్ని గుర్తించాడు. ఆ రెండూ కావ్యంలోనే నిలిచిపోయాయి. తరువాత చదివినవారందరూ ఆ సందేహాన్ని చేతబట్టుకొని, అది తీరిందో లేదో చూసుకుంటూ కావ్యంలోకి ప్రవేశిస్తారు.

అవతారికలను యథాతథంగా చారిత్రక సాక్ష్యాలుగా స్వీకరించరాదన్నది నిజమే. సభావర్ణన, ప్రభువు పలికిన మాటలు, కవి వినయం – ఇవన్నీ కావ్యసంప్రదాయంలో రూఢమైన అంగాలు. వాటిని రాసినవాడు కవి, పోషించినవాడు ప్రభువు. ఇందులో నిష్పాక్షికతను ఆశించలేము. అయినప్పటికీ, స్తుతి కోసమే ఏర్పడిన చోట ఒక కవి సందేహాన్ని నిలపడం సాధారణ విషయం కాదు. ప్రభువును, తనను పొగడుకుంటే సరిపోయే చోట తన పని ఎంత కష్టమైనదో ఇతరుల నోట చెప్పించడం వలన సూరన పాఠకుని చేతికి ఒక కొలబద్దను అందించాడు.

నంద్యాల సభ: అపూర్వ కథకు ఆలస్యంగా దొరికిన పాఠకుడు

సూరన రెండవ ప్రసిద్ధ కావ్యం ‘కళాపూర్ణోదయము’ నల్లమలకు ఆవల, నంద్యాల కృష్ణరాజుకు అంకితమైంది. అక్కడ సమస్య మరొక రూపంలో ఎదురైంది. ‘రాఘవపాండవీయము’లో కథ ప్రఖ్యాతం, నిర్వహణ నూతనం. ‘కళాపూర్ణోదయము’లో కథే నూతనం. ప్రఖ్యాత, ఉత్పాద్య, మిశ్రాలనే మూడు రకాల ఇతివృత్తాలలో కేవల ఉత్పాద్యానికి ఆనాటి రసజ్ఞలోకం పెద్దపీట వేయలేదు. రామరాజభూషణుని ‘వసుచరిత్రము’ అవతారికలో ఈ దృష్టి స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ కేవల కల్పితకథ కృత్రిమరత్నంతో పోల్చబడింది. పూర్వకథకు కవికల్పన తోడైనప్పుడే అది సానపట్టిన జాతిరత్నమన్నది ఆ అవతారిక సారాంశం. నేడు చారిత్రక కల్పన అని పిలుస్తున్న ప్రక్రియకు తెలుగులో లభించే తొలి సమర్థనలలో దీనిని ఒకటిగా పరిగణించవచ్చు. అదే సమయంలో, పూర్తి కల్పనకు ఎదురైన అభ్యంతరానికి కూడా ఇదే సాక్ష్యం.

సూరన ఆ అభ్యంతరాన్ని లెక్కచేయక, అపూర్వమైన కథాసంవిధానం తన కావ్యపు విశిష్టతగా చాటుకున్నాడు. ఆ కథలోనే శ్రోతకు విశేషమైన స్థానం ఉంది. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథను చిలుక వింటుంది. జరగబోయే కథ జరగకముందే వినబడుతుంది. శిశువైన మధురలాలస పూర్వజన్మస్మృతితో ఆ వృత్తాంతాన్ని సభలో వినిపిస్తుంది. ఎవరు ముందుగా విన్నారు, విన్నది ఎవరికి చెప్పారు అన్నదే కథాగమనాన్ని నడిపిస్తుంది.

అయితే ఈ కావ్యానికి తత్త్వాభినివేశి దొరకడానికి ఎంతకాలం పట్టిందో చూడాలి. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వవిచారము’ 1914లో వెలువడింది. అందులో ‘కళాపూర్ణోదయము’ కథానిర్మాణం, పాత్రపోషణ, కల్పనాశక్తి ఆధునిక విమర్శదృష్టితో పరిశీలనకు వచ్చాయి. అప్పటికి కావ్యం పుట్టి దాదాపు మూడున్నర శతాబ్దాలైంది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఆంగ్లానువాదం దీనిని నవలగా చదవవచ్చునన్న వాదంతో తెలుగేతర పాఠకులకు పరిచయం చేసింది. ప్రభువు ఆదరించిన కావ్యానికే ఇంత నిరీక్షణ తప్పలేదు. ప్రక్రియకు తగిన పాఠకుడు లేని కాలంలో రచన నిలిచి ఉండవచ్చు గాని, దాని విలువ తెలియడం మాత్రం ఆలస్యమవుతుంది.

కర్నూలు జిల్లా అధికారి నవల: పాఠకబృందం లేని తొలి ప్రయత్నం

రెండవ ఘట్టం పందొమ్మిదవ శతాబ్దికి చెందింది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు జిల్లాలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేశాడు. 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువల్ సంకలనకర్త ఆయనే. కంభం, మార్కాపురం తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. నేటి పశ్చిమ ప్రకాశపు నేల, నీరు, వృత్తులు, దేవాలయాలు ప్రభుత్వ గ్రంథరూపంలో నమోదైంది ఆయన చేతి మీదుగానే. దానికి పద్నాలుగేళ్ల ముందు, 1872లో, ఆయన ‘శ్రీరంగరాజ చరిత్రము’ను ప్రకటించాడు. దీనికే ‘సోనాబాయి పరిణయము’ అని మరొక పేరు. దేశీయుల ఆచారవ్యవహారాలను తెలిపే గద్యరచనలు కావాలన్న మేయో ప్రభువు ప్రకటన ఈ రచనకు ప్రేరణ. రాజవంశీయుడైన రంగరాజు, లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయి – వీరి ప్రణయగాథ ఇందులోని వస్తువు.

1878లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ‘వివేకవర్ధని’ పత్రికలో వెలువడడం ప్రారంభించింది. 1887లో హచిన్సన్ దానిని ఆంగ్లంలోకి అనువదించాడు. చాలాకాలం తొలి తెలుగు నవలగా ఈ రచనే పేరొందింది. ఆరేళ్లు ముందుగా వచ్చిన గోపాలకృష్ణమ చెట్టి రచనకు ఆ స్థానం దక్కకపోవడానికి గుణభేదం ఒక కారణం కావచ్చు. వీరేశలింగం రచనలో సమకాలీన సమాజచిత్రణ బలమైనదన్న విషయంలో వివాదం లేదు. కాని గుణమొక్కటే కారణమని చెప్పడం సరికాదు. ‘రాజశేఖర చరిత్రము’కు గ్రంథరూపానికి ముందే పత్రికాపాఠకులు ఉన్నారు. భాగం వెంట భాగం చదివి చర్చించుకోగల సమాజం రాజమహేంద్రవరంలో ఉంది. ‘శ్రీరంగరాజ చరిత్రము’కు పుట్టుకతో ఉన్నది ఒక ప్రభుత్వ ప్రకటన మాత్రమే. ప్రకటన రచనను పుట్టించగలదు. దానిని చదివి, తప్పు పట్టి, మరొకరికి చెప్పే మనుషులను మాత్రం పుట్టించలేదు. సాహిత్యచరిత్రలో ‘తొలి’ అన్న స్థానాన్ని సైతం తొలి పాఠకుల బలం ప్రభావితం చేస్తుందనడానికి ఈ రెండు రచనల గతి నిదర్శనం.

పోటీలు: పరిశీలన నిర్ణయంగా మారిన దశ

రాజపోషణ అంతరించిన తరువాత దాని స్థానాన్ని కొంతవరకు పూరించినవి నవలల పోటీలు. న్యాపతి సుబ్బారావు ప్రోత్సాహంతో ‘చింతామణి’ పత్రిక నిర్వహించిన పోటీలు చిలకమర్తి లక్ష్మీనరసింహాన్ని నవలాకారునిగా నిలబెట్టాయి. 1894లో ‘రామచంద్ర విజయము’, 1896లో రాజపుత్ర ఇతివృత్తం గల ‘హేమలత’ అక్కడ బహుమతులు పొందాయి. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి చారిత్రక నవలకు ప్రత్యేక ప్రోత్సాహమిచ్చింది. భోగరాజు నారాయణమూర్తి ‘విమలాదేవి’, కేతవరపు వేంకటశాస్త్రి ‘రాయచూరు యుద్ధము’ ఆ వాతావరణంలో వెలువడినవి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. ఆ ఇద్దరే తరువాతి కాలంలో ‘పురాణవైర గ్రంథమాల’, ‘హిమబిందు’ల ద్వారా చరిత్రను, అద్భుతాన్ని మేళవించిన కథనానికి తెలుగులో ప్రధాన ప్రతినిధులయ్యారు.

ఈ పరంపర నేటికీ కొనసాగుతున్నది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 2017లో తానా నవలల పోటీలో బహుమతి పొంది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాన్ని అందుకుంది. పద్దెనిమిదవ శతాబ్దపు అనంతపురం సీమను చిత్రించిన ఈ నవలకు తొలి పాఠకులు పోటీ నిర్ణేతలే. నల్లమలలోకి గొర్రెల మందలను తోలుకుపోయే కాపరుల జీవితాన్ని చిత్రించిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ కూడా 2019లో ఆ సంస్థ బహుమతి పొందిన నవలే. సీమ రచయితల రాతప్రతులను ఖండాంతర తెలుగు సంస్థ ముందుగా చదివించి లోకానికి పరిచయం చేయడం ఈ కాలపు విశేషం.

పోటీ చేసిన మేలును తక్కువగా చూడలేము. రచయిత ఎవరో తెలియకుండా చదవడం అనేది రాజసభలో అసాధ్యమైన సౌలభ్యం. అయితే పోటీ స్వభావంలోనే ఒక పరిమితి ఉంది. నిర్ణేత ఇచ్చేది ఎంపిక. ఏ అధ్యాయంలో కథ కుంటుపడింది, ఏ సందర్భం కాలానికి పొసగలేదు అన్న వివరం రచయితకు చేరుతుందన్న నియమం లేదు. బహుమతి రాని రాతప్రతికి మౌనమే మిగులుతుంది. ఆకువీటి సభలో సందేహం పాఠంలో భాగమైంది. పోటీ కాలానికి వచ్చేసరికి అది నిర్ణేతల గది దాటి రావడం మానుకుంది.

అభిప్రాయాల పుటలు: సందేహం అదృశ్యమైన దశ

ముద్రణ సులభమైన కొద్దీ మూడవ రూపం బలపడింది. అది గ్రంథారంభంలో చేర్చే ముందుమాటలు, అభిప్రాయాలు, ఆశీస్సులు. పెద్దల చేత నాలుగు మాటలు రాయించుకోవడం నూతన రచయితకు పరిచయపత్రం వంటిది. దానిలో దోషం లేదు. అయితే ఆ పుటలలో సందేహానికి చోటు లేదు. మర్యాద కొద్దీ అడిగినవారికి మర్యాద కొద్దీ ఇచ్చిన మాట అది. ఆవిష్కరణ సభలలో జరిగే పరిచయ ప్రసంగాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఫలితంగా, పుస్తకాన్ని తెరిచిన పాఠకుడు అభిప్రాయాలను దాటవేసి కథలోకి వెళ్లడం అలవాటైంది. స్తుతి ఎంత పెరిగితే దాని సాక్ష్యబలం అంత తగ్గింది.

పాశ్చాత్య ప్రచురణరంగంలో దీనికి సమానమైన ఏర్పాటు వేరుగా ఎదిగింది. గ్రంథం విడుదలకు కొన్ని నెలల ముందే ప్రూఫు ప్రతులను పరిచయకర్తలకు పంపడం అక్కడి ఆనవాయితీ. ఉచితంగా ప్రతి అందుకున్నవారు ఆ సంగతిని పాఠకులకు తెలపాలన్న నియమం కూడా ఏర్పడింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో సవరించిన మార్గదర్శకాలు ఇటువంటి సంబంధాలను వెల్లడించడాన్ని స్పష్టం చేశాయి. అయితే ఏర్పాటు ఎంత పెద్దదైనా, సరైన పాఠకుని ఎంపికే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. టోల్కీన్ ‘హాబిట్’ రాతప్రతిని ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ 1936లో తన పదేళ్ల కుమారుడు రేనర్‌కు ఇచ్చి చదివించాడు. ఒక్క షిల్లింగు పారితోషికంతో ఆ బాలుడు రాసిన చిన్న నివేదిక ప్రచురణకు దోహదం చేసింది. 1937లో పుస్తకం వెలువడింది. పిల్లల కథను పిల్లవాని చేత చదివించడమే ఆ ప్రచురణకర్త చూపిన వివేకం.

పశ్చిమ ప్రకాశం: నాలుగు రకాల తొలి పాఠకులు

నేడు మార్కాపురంలోనో గిద్దలూరులోనో కూర్చుని ఈ ప్రాంత చరిత్రపై అద్భుత కల్పనతో నవల రాసే రచయితకు తొలి పాఠకులు ఎవరు కావాలి? వస్తువే ఈ ప్రశ్నకు సమాధానం చూపిస్తుంది.

మొదటివాడు శాసనం తెలిసిన పాఠకుడు. త్రిపురాంతకంలో కాయస్థ అంబదేవుని 1290 నాటి శాసనం ఉంది. అందులో అతడు తన విజయాలను ఏకరువు పెట్టాడు. రుద్రమదేవి మరణాన్ని సూచించే చందుపట్ల శాసనం 1289 నాటిది. ఓరుగల్లును కేంద్రంగా చేసుకున్న కథనంలో అంబదేవుడు తిరుగుబాటుదారు. త్రిపురాంతక శాసనం ముందు నిలబడి చూస్తే అతడు తన పేరున పాలన సాగించిన విజేత. నవలాకారుడు ఏ పక్షాన్ని స్వీకరించినా తప్పులేదు. రెండవ పక్షం ఉందని తెలియకుండా రాయడమే లోపం. ఆ లోపాన్ని ముద్రణకు ముందు పట్టుకోగలిగినవాడు ఆ శాసనాన్ని చదివినవాడే. గిద్దలూరు సమీపంలోని సత్యవోలు ఆలయాల వంటి చాళుక్య సంప్రదాయ కట్టడాలను కథలోకి తెచ్చేవారికి వాస్తురీతి తెలిసినవారి సహాయం ఇలాగే అవసరమవుతుంది.

రెండవవాడు నేల తెలిసిన పాఠకుడు. గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ కట్టిన కంభం చెరువును వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. ఆ చెరువు చుట్టూ కథ అల్లే రచయిత శిల్పశాస్త్రాన్ని, రాజవంశావళిని చదివి ఉండవచ్చు. అలుగు ఎప్పుడు పారుతుంది, తూము తీసే వేళ ఆయకట్టులో ఏ మాటలు వినబడతాయి, కరువు ఏట చెరువు అడుగు ఎలా ఉంటుంది అన్న సంగతులు ఆ నీటిపై ఆధారపడిన రైతుకే తెలుసు. చరిత్రగ్రంథాలలో దొరకని తప్పులు అతనికి దొరుకుతాయి.

మూడవవాడు కథలోకి ఎవరి జీవితం వస్తున్నదో ఆ సమూహానికి చెందిన పాఠకుడు. నల్లమల నేపథ్యం అనగానే చెంచులు కథలోకి వస్తారు. నరసింహస్వామి, చెంచులక్ష్మి గాథ ఈ అడవి చుట్టూ ప్రసిద్ధం. చెంచు పాత్రను మంత్రశక్తి గల అడవిమనిషిగా చూపడం అద్భుతకల్పనలో సులభమైన దారి. ఆ చిత్రణ వారికి ఎలా వినబడుతుందో తెలుసుకోకుండా అచ్చు వేయడం న్యాయం కాదు. ఇక్కడ రాతప్రతిని చేతికివ్వడం చాలకపోవచ్చు. చదివి వినిపించాలి. సభలో కావ్యం వినిపించిన సంప్రదాయానికి ఇది దూరమైనది కాదు. వినేవారు మాత్రం మారుతున్నారు. లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయి కథను 1872లో లంబాడీలకు వినిపించి ఉంటారని ఊహించడం కష్టం. ఆ అవకాశం నేటి రచయితకు ఉంది.

నాలుగవవాడు ఇవేవీ తెలియని సాధారణ పాఠకుడు. శాసనం, చెరువు, అడవి తెలియకపోయినా కథ అతనిని చివరి పుట వరకు తీసుకుపోవాలి. ఎక్కడ పుస్తకం మూసివేయాలనిపించిందో నిజాయతీగా చెప్పగలగడమే అతని అర్హత. శాఖా గ్రంథాలయానికి క్రమంగా వచ్చే చదువరి, పై తరగతి విద్యార్థి, విశ్రాంత ఉపాధ్యాయుడు – ఇటువంటివారు ఈ ప్రాంతపు పట్టణాలలో కొరవడలేదు. 1914లో బెజవాడలో జరిగిన తొలి గ్రంథాలయ మహాసభతో బలం పుంజుకున్న ఉద్యమం ఊరూరా పాఠకసమూహాన్ని తయారు చేయాలని ఆశించింది. ఆ ఆశయంలో చదివే హక్కుతో పాటు అభిప్రాయం చెప్పే హక్కు కూడా అంతర్భాగమే.

ఈ నలుగురిని ఎలా అడగాలన్నది కూడా ముఖ్యమే. ‘ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకు వచ్చే సమాధానం మర్యాదే. ‘ఏ చోట నమ్మలేకపోయారు? ఏ పాత్ర మాట ఆ పాత్రది కాదనిపించింది? ఎక్కడ ఆపివేశారు?’ అన్న ప్రశ్నలకు వచ్చే సమాధానం రచనకు పనికివస్తుంది. తగిన గడువు ఇవ్వాలి. బంధుత్వం, ఉపకారం, ఆర్థిక సంబంధం ఉంటే దానిని పుస్తకంలో దాచకూడదు. చెప్పిన ప్రతి సందేహానికీ రచయిత తలవంచనవసరం లేదు. వసుచరిత్రకారుని గీటురాయికి సూరన లొంగి ఉంటే ‘కళాపూర్ణోదయము’ వెలువడేదే కాదు. అంగీకరించని సందేహాన్ని కూడా నమోదు చేయడం మాత్రం అవసరం.

ముగింపు

పై పరిశీలన వలన తొలి పాఠకుడు తెలుగు కల్పనా కథన చరిత్రలో మూడు రూపాలలో కనిపిస్తాడని తేలుతున్నది. సభలో అతడు ప్రశ్న అడిగాడు. పోటీలో నిర్ణయం చెప్పాడు. అభిప్రాయాల పుటలో ఆశీస్సు రాశాడు. ఒక్కొక్క దశలో రచయితలకు ద్వారం విశాలమైంది. రాజాశ్రయం లేనివారు, పట్టణాలకు దూరంగా ఉన్నవారు గ్రంథకర్తలు కాగలిగారు. ఇది నిస్సందేహంగా లాభం. ఈ క్రమంలో నష్టపోయినది ఒకటే: పాఠంతో పాటు నిలిచి ఉండే సందేహం.

దానిని తిరిగి తెచ్చుకోవడానికి పెద్ద సంస్థలు అవసరం లేదు. ముందుమాటలో ఒక పుటను తొలి పాఠకుల అభ్యంతరాలకు కేటాయించి, వాటిలో ఏవి స్వీకరించినదీ, ఏవి ఎందుకు స్వీకరించనిదీ రచయిత చెబితే చాలు. స్వల్పసంఖ్యాక పాఠకులున్న చారిత్రక కల్పనకు అది వంద ప్రశంసల కంటే నమ్మదగిన పరిచయమవుతుంది. పరిశోధకులకు సైతం ఆ పుట విలువైన ఆధారమే. ఒక కాలంలో ఒక ప్రాంతం తన చరిత్రను గూర్చి ఏ ప్రశ్నలు వేసుకున్నదో అది చెబుతుంది.

ఆకువీటి పెదవేంకటాద్రి చేసిన యుద్ధాలేవో నేడు సాహిత్య పాఠకులు అడగరు. తెలుగులో అటువంటి కావ్యం సాధ్యమా అన్న సందేహం ఆయన సభ ముందుకు వచ్చింది, సూరన దానిని కావ్యంలో దాచిపెట్టకుండా రాసి ఉంచాడు. ఆ పేరు నేటికీ పలకబడుతున్నది ఆ కారణం చేతనే.